పేరు చెప్పి ఇచ్చే ఆట

ఫిబ్రవరి 1, శనివారం

పొద్దున ఎనిమిదిన్నరకి చితాలిష్టె తాళాలు తీశాను. పేరుకి ఇది చదువుకునే ఇల్లు. చదవడానికి వచ్చేవాళ్ళు వారానికి ఇద్దరు, గెంతడానికి వచ్చేవాళ్ళు రెండొందలమంది. పైన హాల్లో పిల్లలు చేతులు పట్టుకుని వరసగా ఆడే హోరో, కింద ముసలి అపోస్తోల్ మట్టిబొమ్మల క్లాసు, పక్కగదిలో పూసలు గుచ్చే ఆడవాళ్ళు. అన్ని గదుల తాళాలూ నా నడుముకే. పదహారేళ్ళుగా నాకు శనివారమంటే ఇదే.

బిల్యానాని అపోస్తోల్ దగ్గర కూర్చోబెట్టాను. పైకి పంపలేదు. ఏడాది పట్టింపంటే ఏడాదే. అక్టోబర్ పదిహేడు వచ్చేదాకా పాట లేదు, ఆట లేదు. నాకూ లేదు, నా మనవరాలికీ లేదు. తల్లి పోయిన పిల్ల రంగు పావడా కట్టి హాల్లో గిరగిరా తిరిగితే మా విదిన్ ఊళ్ళో నలుగురూ ఏమనుకుంటారు? ఎనిమిదేళ్ళ పిల్లకే అర్థమైంది, ఏమీ అడగలేదు. గెర్గానాకే అర్థం కావడం లేదు. మెట్ల మీద నన్ను ఆపి, పిన్నీ, కనీసం చూడ్డానికైనా రానివ్వమంది. నా కూతురు పెంచిన ఆట గుంపది. ఇప్పుడు గెర్గానా చేతిలో ఉంది. చేతిలో ఉందని పెత్తనం కూడా వచ్చిందనుకుంటోంది.

ఏమీ అడగలేదని రాశాను. ఒకసారి అడిగింది. ఏడాది ఎప్పుడైపోతుందని, సాక్సు వేసుకుంటూ, ఎటో చూస్తూ అడిగింది. ఒక్కసారే.

ఫిబ్రవరి 6, గురువారం

సాయంత్రం పెద్దల హోరో. నేను కింద ఆఫీసులో కూర్చున్నాను. హాలు సరిగ్గా నా నెత్తి మీదే. కప్పు దడదడలాడుతుంటే ఏ ఆట నడుస్తోందో, ఎవరు అడుగు తప్పుతున్నారో కూడా చెప్పగలను. బ్యాంకులో పనిచేసే ఆ లావుపాటాయన ఇంకా ఎడంకాలు ఆలస్యంగానే వేస్తున్నాడు. పన్నెండేళ్ళు ఆ వరసలో చివరి మనిషిని నేనే. కొత్తవాళ్ళకి అదేదో తోకలా కనపడుతుంది. ముందు మనిషి దారి తీస్తాడంతే, వరస తెగకుండా పట్టుకునేది చివరి మనిషి. ఇప్పుడక్కడ ఎవరు నిలబడుతున్నారో నేను అడగలేదు.

బల్ల కింద పాదాలు వాటంతటవే కదులుతుంటే కుర్చీ కాళ్ళకి మెలేసి కూర్చున్నాను. ఇంటికొచ్చి చూస్తే చీలమండ దగ్గర కమిలింది.

ఫిబ్రవరి 11

అల్లుడు కాలిన్ ఓడ మీంచి ఫోన్ చేశాడు. డాన్యూబ్ నది మీద పొగమంచట, ఓడలు కదలట్లేదట. కూతురితో రెండు నిమిషాలు మాట్లాడాడు. అందులో ఒకటిన్నర నిమిషం తండ్రీకూతుళ్ళిద్దరూ మాట్లాడలేదు.

ఫిబ్రవరి 15, శనివారం

అపోస్తోల్‌కి డెబ్భై దాటాయి, పెళ్ళి లేదు, నోటికి మూత కూడా లేదు. పిల్ల చెయ్యి పట్టుకుని గదిలోకి వెళ్ళగానే, "రావమ్మా జైలరమ్మా, ఖైదీని తెచ్చావా" అన్నాడు. నేను నవ్వలేదు. నా నడుముకున్న తాళాల గుత్తి చూపించి పిల్లల్ని మాత్రం నవ్వించాడు.

పోయిన వారం పిల్లలంతా పిల్లులు చేస్తే మా బిల్యానా మనుషుల్ని చేసింది. వేలెడేసి మనుషులు, పదకొండుమంది, చేతులు పట్టుకుని సగం చుట్టుగా నిలబడ్డారు. ఇవాళ చూస్తే ఒక్క చెయ్యి మిగల్లేదు. అన్నీ భుజాల దగ్గర ఊడి బల్లమీద పడున్నాయి. చేతులు విడిగా చేసి అతికిస్తే ఆరేటప్పుడు మట్టి బిగుసుకుని ఊడిపోతాయట, మనిషినీ చేతినీ ఒక్క ముద్దలోంచే లాగాలట. అపోస్తోల్ కొత్త ముద్ద ఇచ్చాడు. వద్దంది. ఊడిన చేతులన్నీ ఏరి కాయితంలో పొట్లం కట్టుకుంది.

మొత్తానికి మట్టి పనికి అలవాటు పడుతోంది. మంచిదే.

మార్చి 1, శనివారం

కింద గదిలో ఎర్రదారం, తెల్లదారం పేనడం. ఏటా ఇదే తేదీన ఇల్లంతా జాతరలా ఉంటుంది. తల్లులు, పిల్లలు, తాతలు, అందరి ఒళ్ళోనూ దారప్పోగులే. చలి పోయి మంచి రోజులు రావాలని మణికట్టుకి కట్టే ఈ మార్చి దారం మనకి మనం కట్టుకునేది కాదు, ఎవరో ఒకరు కట్టాలి. నిలువెల్లా నల్లబట్టల్లో ఉన్నదాని దగ్గరికి ఎవరొస్తారు, రారు. బిల్యానా వచ్చింది. అడగనైనా అడక్కుండా ఎడం చెయ్యి లాక్కుని కట్టేసింది. కట్టాక విప్పకూడదు గనక చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాను.

పేనాలంటే ఇద్దరుండాలి, చెరో చివరా పట్టుకుని మెలిపెట్టాలి. దాని దారానికి రెండో చివర అపోస్తోల్ పట్టుకున్నాడట. నాకు ఆఫీసులో పనుంది.

పనేమీ లేదు.

మార్చి 8

ఆడవాళ్ళ పండగ. ఇంటికి పువ్వులు ఎవరూ తేలేదు. తేకపోవడమే నయం.

మార్చి 15, శనివారం

పదకొండింటికి మట్టి గదిలో తొంగి చూస్తే బిల్యానా లేదు. పైన కోట్లు తగిలించే గదిలో దొరికింది. ఇంటికి తీసుకొచ్చాను. నేనేమీ అనలేదు.

మార్చి 16, ఆదివారం

అన్నాను.

ఎవరూ చదవని పుస్తకంలో కూడా అబద్ధం రాసుకుంటే నాకూ ఊరికీ తేడా ఏముంది. జరిగింది రాస్తాను.

హాలుకీ కోట్ల గదికీ మధ్య చెక్కగోడే. అవతల అకార్డియన్, గెర్గానా చప్పట్లు. ఇవతల కొక్కేలకి వరసగా వేలాడుతున్న కోట్ల మధ్య బిల్యానా నిలబడి ఉంది. కుడిచేత్తో ఒక కోటు చెయ్యి, ఎడంచేత్తో ఇంకో కోటు చెయ్యి పట్టుకుంది. ఉన్నచోటే అడుగులు వేస్తోంది. చప్పుడు రాకుండా, సాక్సులతో. కళ్ళు మూసుకుని ఉంది. ముఖం చూసి ఎన్నాళ్ళయిందో అప్పుడు తెలిసింది. రోజూ దానికి జడ వేస్తాను, అన్నం పెడతాను, ఆ ముఖం మాత్రం అక్టోబర్ నుంచి నాకు కనపడలేదు. పిల్ల సంతోషంగా ఉంది.

ఎడంపక్కది ఏ పిల్లదో నీలం కోటు. కుడిపక్కది బిల్యానా తల్లిది, బూడిదరంగుది. పోయినేడు ఎండలు వచ్చాయని ఆ చివరి కొక్కేనికి వదిలేసి వెళ్ళింది, మళ్ళీ చలి వచ్చేసరికి తొడుక్కునే మనిషి లేదు. దాన్నక్కడి నుంచి తియ్యాల్సింది నేనే. తియ్యలేదు.

నా ఒళ్ళు మండిపోయింది. "మీ అమ్మ మట్టికింద ఉంటే నీకు గెంతులు కావాల్సొచ్చాయా" అన్నాను. ఎనిమిదేళ్ళ పిల్లతో అన్నాను. అది కళ్ళు తెరిచింది. ఒక చెయ్యి వదిలింది, తర్వాత రెండోది వదిలింది. రెండు కోట్ల చేతులూ సరిగ్గా వేలాడేలా సర్దింది. సరే అంది. ఏడ్చినా బాగుండేది.

ఇందులో నా తప్పేముంది. పట్టింపు నేను పెట్టింది కాదు. మా అమ్మ చేసింది, వాళ్ళమ్మ చేసింది.

మార్చి 20, గురువారం

గెర్గానా ఆఫీసుకొచ్చి కూర్చుంది. వచ్చే నెల పన్నెండున, ఈస్టర్‌కి వారం ముందు, లాజరు శనివారం. ఆడపిల్లలు పెళ్ళికూతుళ్ళలా ముస్తాబై, నెత్తిన పూలు పెట్టుకుని, జతలు జతలుగా బజారంతా ఆడుతూ పాడుతూ తిరగాలి. పదకొండుమందే ఉన్నారు, ఒక పిల్లకి జత లేదు. బిల్యానాని అడిగింది. కాదన్నాను. జత లేకుండా ఆ పిల్ల ఒక్కతే నడవాల్సొస్తుంది పిన్నీ అంది. అక్టోబర్ పదిహేడు తర్వాత ఎన్ని జతలు కావాలన్నా కట్టుకోమన్నాను.

లేచి తలుపు దాకా వెళ్ళి ఆగింది. "ఇది ఇస్క్రా గుంపు పిన్నీ. ఇస్క్రా కూతురే లేకుండా నేనెలా తిప్పను" అంది.

అంత తేలిగ్గా ఆ పేరు ఎలా వస్తుంది వీళ్ళ నోటికి.

మార్చి 30, ఆదివారం

కాలిన్ నాలుగు రోజుల సెలవు మీద ఇంటికొచ్చి వెళ్ళాడు. ఓడ మీద మనుషులకి మాటలు తగ్గిపోతాయేమో, ఇతనికి మొదట్నుంచీ తక్కువే. కూతురికి ఆట మాన్పించానని చెబితే మీ ఇష్టం అత్తయ్యా అన్నాడు. వంటింట్లో పంపు బాగు చేశాడు, బాల్కనీ తలుపు బాగు చేశాడు, బాగున్న కుర్చీని కూడా బాగు చేశాడు. వెళ్ళేముందు నేల చూస్తూ ఒక మాట చెప్పాడు. ఈస్టర్‌కి మమ్మల్ని వాళ్ళ ఊరు రమ్మందట వాళ్ళమ్మ. సోమవారం ఊరి నడుమ బ్యాండు పెట్టిస్తుందట. పోయినామెకి ఆట ఇవ్వాలట.

వాళ్ళు వ్లహులు, భాష వేరు, ఆచారాలు వేరు. చచ్చిపోయినవాళ్ళకి అన్నీ పంపిస్తారు: రొట్టె, చొక్కా, దుప్పటి, కూర్చోడానికి కుర్చీ, చివరికి ఆట కూడా. ఇంటివాళ్ళు ఒకరు కొవ్వొత్తి పట్టుకుని ముందు నిలబడి, ఈ ఆట ఫలానా మనిషికి అని పేరు చెప్తారు. అందరూ అందుగాక అంటారు. మూడు చుట్లు ఆడతారు. దాంతో పోయినవాళ్ళకి ఆట చేరుతుంది, ఉన్నవాళ్ళకి పట్టింపు విడుతుంది. మళ్ళీ ఎవరైనా ఆడొచ్చు, పాడొచ్చు. ఎంత సులువో. ఆర్నెల్లకే నల్లబట్టలు విప్పేసుకోవచ్చు.

మా వైపు పోయినవాళ్ళకి గోధుమలు ఉడకబెట్టి పంచుతాం, బ్యాండు పెట్టించం అని చెప్పాను. సరే అత్తయ్యా అన్నాడు.

ఏప్రిల్ 3, గురువారం

కొడుకుతో పని కాలేదని తల్లే దిగింది. ఫ్లోరికా, పొద్దుటి బస్సులో, సంచీ నిండా ఉల్లికాడలూ జున్నూ. తలగుడ్డ కూడా విప్పకుండా కూర్చుంది. మనవరాలు బడికి వెళ్ళిందని తెలుసుకునే వచ్చింది, గడుసుది.

మీ పట్నంవాళ్ళు ఏడుపుకి కూడా టైంటేబుల్ పెట్టుకుంటారు వదినా అంది. పెద్దదానివి, నువ్వు పదేళ్ళు కూర్చో, ఎవరు కాదన్నారు, పిల్లనెందుకు కూర్చోబెట్టావు అంది. నా కూతురు, నా పట్టింపు, మధ్యలో నీకేమిటన్నాను. అప్పటిదాకా వేళాకోళంగా మాట్లాడిన మనిషి సంచీ పక్కన పెట్టింది.

"అది నాకు కోడలు కూడా. నాకు కలలోకి వస్తోంది వదినా. ఎక్కడో పెద్ద హోరో నడుస్తుంటుంది, ఇది గోడవార నిలబడి చూస్తుంటుంది. ఎవరూ చెయ్యివ్వరు. అక్కడ ఎవరి ఆట వాళ్ళకి ఇక్కడినుంచే వెళ్ళాలి. నువ్వు పంపట్లేదు, నన్ను పంపనివ్వట్లేదు."

లేచి కిటికీ తెరిచాను. జున్ను వాసన వస్తోందన్నాను. ఆమె మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోయింది.

నా కలలోకి ఒక్కసారీ రాలేదు. ఆరు వారాలు ఆస్పత్రిలో దాని పక్కన కుర్చీలో పడుకున్నదాన్ని నేను. ఒంట్లో రక్తమే పాడైపోయిందని డాక్టరు చెప్పినప్పుడు దాని చెయ్యి పట్టుకున్నదాన్ని నేను. వస్తే నాకు రావాలి. ఏడాదికి నాలుగుసార్లు చూసిన అత్తగారి కలలోకి వెళ్ళి నిలబడిందా?

ఏప్రిల్ 5

రాలేదు.

ఏప్రిల్ 12, లాజరు శనివారం

పదింటికి మా మెట్ల మీదనుంచే బయల్దేరారు. పసుపుపచ్చ పూలు, తెల్లచొక్కాలు, మెడలో కాసుల దండలు. గెర్గానా పదకొండో పిల్ల పక్కన తనే జతగా నడిచింది. ఇరవై ఎనిమిదేళ్ళ మనిషి ఎనిమిదేళ్ళ పిల్లల మధ్య తలెత్తుకుని నడుస్తుంటే జనం నవ్వారు. తను పట్టించుకోలేదు, అడుగులు వేస్తూనే ఉంది. ఇవాళ మొదటిసారి గెర్గానా నాకు నచ్చింది.

బిల్యానా ఆఫీసు కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని చూసింది. నేను వీధిని చూడలేదు, దాని కాళ్ళని చూశాను. మూడు పాటలు అయిపోయాయి, బొటనవేలు కూడా కదల్లేదు. ఈ పిల్ల పుట్టక ముందు, తల్లి కడుపులో ఉండగా, బాజా వినపడితే తన్నేది. నడక రాకముందే మంచం కోడు పట్టుకుని ఊగేది. కోట్ల గదిలో దొంగచాటుగానైనా ఆడుకుంది. ఇప్పుడు బల్లలా కూర్చుంది.

వాళ్ళు మలుపు తిరిగాక, "చూసింది చాలు అమ్మమ్మా, కిటికీ మూసెయ్యనా" అంది.

బాగానే కదా, నేను కోరింది ఇదే. మాట వినే పిల్ల. మధ్యాహ్నం పేపరు తెరిచి అరగంట కూర్చున్నాను, ఒక్క ముక్క చదవలేదు. భయం వేసింది. ఏడాది పోయాక ఆడమంటే ఇది ఆడుతుందా? ఆడటమంటే ఏమిటో దీనికి గుర్తుంటుందా?

అపోస్తోల్ గది తాళం ఇవ్వడానికి వచ్చాడు. జైలరమ్మా అనలేదు. దోన్కా అని పేరుపెట్టి పిలిచాడు. ఆ పిల్లని ఆడుకోనీ దోన్కా అన్నాడు, అంతే.

ఏప్రిల్ 13, ఆదివారం

ఫ్లోరికాకి ఫోన్ చేశాను. ఈస్టర్‌కి వస్తామన్నాను. ఆట గురించి నేనేమీ అనలేదు. నేను అననక్కర్లేదు, బ్యాండువాళ్ళతో ఆమె ఎప్పుడో మాట్లాడేసిందట. మొండిది. నాకు సరైన జోడీ.

ఏప్రిల్ 17, గురువారం

ఆర్నెల్లు. పోయినవాళ్ళ జ్ఞాపకానికి గోడలకి అంటించే కాయితాలు కొత్తవి అచ్చువేయించాను. మా గుమ్మానికి ఒకటి, బస్టాపులో ఒకటి, చితాలిష్టె తలుపుకి ఒకటి అంటించాను. ఫోటోలో నవ్వుతోంది. కింద పేరు ఉంది, నేను చదవలేదు. అచ్చాఫీసువాళ్ళు తప్పు లేకుండా వేసుంటారు.

ఇంటికొచ్చి ఈస్టర్ గుడ్లకి రంగులేశాం. ఏడాదంతా ఆరోగ్యంగా ఉండాలని మొదటి ఎర్రగుడ్డు పిల్లల బుగ్గలకి రాయాలి, బిల్యానాకి రాశాను. కదలకుండా రాయించుకుంది.

ఏప్రిల్ 22, మంగళవారం

నిన్నటిది ఇవాళ పొద్దున రాస్తున్నాను.

ఫ్లోరికా వంటింట్లో నాకు పాఠం చెప్పింది. కొవ్వొత్తి కుడిచేతిలో పట్టుకోవాలి. వరసలో నిలబడ్డ ప్రతి ఒక్కరికీ తలో రుమాలు ఇవ్వాలి. బ్యాండు ఎత్తుకునే ముందు నేను పేరు చెప్పాలి, గొణక్కూడదు. "అక్కడ పోస్టుమాను లేడు వదినా, పేరే అడ్రసు. గట్టిగా చెప్పు" అంది. ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోకుండా రుమాళ్ళు మడతపెట్టాం. నేనెందుకు, నువ్వే చెప్పరాదా అన్నాను. కన్నతల్లి బతికుండగా అత్తగారు చెప్పడమేమిటంది.

పదకొండింటికి ఊరి నడుమ జనం గుండ్రంగా చేరారు. నలభైమంది వరసలో నిలబడ్డారు. ముందు నేను, నా ఎడంచేతిలో బిల్యానా చెయ్యి, ఆ పక్కన కాలిన్, ఫ్లోరికా, తర్వాత ఊరంతా. ఆ పిల్ల చెయ్యి చల్లగా, బరువుగా ఉంది. బ్యాండాయన క్లారినెట్టు నోటి దగ్గర పెట్టుకుని నావైపు చూశాడు. కొవ్వొత్తి వెలుగుతోంది. ఎక్కడా చప్పుడు లేదు.

నేను గట్టిగానే చెప్పాను. "ఈ ఆట బిల్యానాకి."

అందుగాక అని ఒక్కరూ అనలేదు. నేనేం తప్పన్నానో నాకు తెలియలేదు, వాళ్ళ మొహాలు చూసి తెలుసుకున్నాను. ఒక ముసలావిడ సిలువ వేసుకుంది. ఇంకొకామె తన పిల్లని వరసలోంచి లాక్కుంది. కాలిన్ ఎప్పుడూ గొంతెత్తని మనిషి, అత్తయ్యా అని ఒక్క అరుపు అరిచి కూతుర్ని రెండు చేతులా దగ్గరికి తీసుకున్నాడు. చచ్చిపోయినవాళ్ళకిచ్చే ఆట బతికున్న పిల్లకి ఇచ్చాను. నా నోటితో, నలభైమంది ముందు, కొవ్వొత్తి పట్టుకుని.

ఫ్లోరికా మొహంలో నెత్తురు లేదు. ఇద్దరు ముసలమ్మలతో వాళ్ళ భాషలో గబగబా ఏదో మాట్లాడింది, వాదించింది. తర్వాత నా దగ్గరికొచ్చి నాకర్థమయ్యేలా చెప్పింది.

"నోరు దాటింది, ఇక వెనక్కి రాదు. కానీ అవతలికి చేరకముందే పేరుగలది తన ఆట తను తీసేసుకోవచ్చు. ఇదే ముందు నిలబడాలి, ఇదే ఆడాలి. మూడు చుట్లు. మధ్యలో ఆగకూడదు."

ఇలాంటివి నేను నమ్మను. పదహారేళ్ళు పుస్తకాల ఇంటి తాళాలు పట్టుకున్నదాన్ని. నిన్న నమ్మాను. గుండెలు అవిసిపోయేలా నమ్మాను. ఆర్నెల్లుగా ఏ వరసలోనూ అడుగు వెయ్యని పిల్ల, లాజరు శనివారం బొటనవేలు కదపని పిల్ల, ఇది మూడు చుట్లు ఆడాలి. మాన్పించింది నేనే. ఎంత బాగా మాన్పించానో చూశాను కూడా.

దాని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఆడవే అన్నాను. నీ కాళ్ళు పట్టుకుంటాను తల్లీ, ఆడు అన్నాను. అది ముందు వాళ్ళ నాన్నని చూసింది, తర్వాత నా నల్లబట్టల్ని చూసింది.

"ఏడాది అయిపోయిందా అమ్మమ్మా?"

అయిపోయింది అన్నాను.

కొవ్వొత్తి దాని చేతికిచ్చాను. రెండోచేయి నేను పట్టుకున్నాను. బ్యాండు అందుకుంది. మొదటి చుట్టులో కాళ్ళు తడబడ్డాయి, రెండుసార్లు తన పాదం తనే తొక్కుకుంది. నేను పైకే లెక్కపెట్టాను, చిన్న చిన్న పెద్ద, చిన్న చిన్న పెద్ద, హాల్లో దానికి వాళ్ళమ్మ చెప్పినట్టు. ఎవరికి వినపడితే నాకేం. రెండో చుట్టులో తడబాటు పోయింది కానీ దాని కళ్ళు నేలమీదే ఉన్నాయి. మూడోదానికి నా లెక్క దానికి అడ్డం వచ్చింది. నన్ను ఊరుకోమంది. తల పైకెత్తి నన్ను లాగింది. నిజంగానే లాగింది, భుజం ఇవాళ్టికీ నొప్పిగా ఉంది. వెనక నలభైమంది ఆ చిన్న చేతి వెంట పరుగులు. ఆ ముఖం మళ్ళీ చూశాను. ఏడుస్తూ ఆడాను, దాచుకోలేదు. ముక్కు తుడుచుకోడానికి చెయ్యి ఖాళీ లేదు.

బ్యాండు ఆగింది. ఎవరి ఆట వాళ్ళు తీసుకున్నారంది ఫ్లోరికా, అని కూలబడిపోయింది. ఆమెకి నీళ్ళు తెచ్చిచ్చారు. అసలు ఆట ఇంకా ఇవ్వనే లేదు. మళ్ళీ నా చేతికి కొవ్వొత్తి వచ్చింది. బ్యాండాయన నా నోరే చూస్తున్నాడు.

నోరు తెరిచాను. రాలేదు.

ముప్ఫై మూడేళ్ళు పిలిచిన పేరు. వీధిలోంచి పిలిచాను, బాల్కనీలోంచి పిలిచాను, అన్నానికి పిలిచాను, కోపంతో పిలిచాను. పిలిస్తే వచ్చేది. అది బతికున్నవాళ్ళని పిలిచే పేరు, కొవ్వొత్తి దగ్గర నిలబడి పంపించేసే పేరు కాదు. మరి ఎవర్నో ఒకర్ని పంపమంటే నా నోటికి బిల్యానా ఎందుకొచ్చింది? నోరు జారిందని వాళ్ళంతా సర్దుకున్నారు. నోరు జారలేదు. ఆర్నెల్లుగా నేను మట్టికప్పుతున్నది ఎవర్నో నాకంటే ముందు నా నోటికి తెలుసు.

ఎంతసేపు నిలబడ్డానో. బిల్యానా నా చేతిలోంచి కొవ్వొత్తి తీసుకుంది. పోస్టుమాను లేడన్న మాట వంటింటి గుమ్మంలో నిలబడి వినుంటుంది, పూర్తి అడ్రసు చెప్పింది.

"ఈ ఆట మా అమ్మకి. ఇస్క్రా, విదిన్, చితాలిష్టె, పైన హాలు."

ఊరంతా అందుగాక అంది. కొందరు నవ్వారు, కొందరు ఏడ్చారు, కాలిన్ రెండూ చేశాడు. మూడు చుట్లు ఆడాం. ఆ తర్వాత పట్టింపు విడిచిందని చెప్పి బ్యాండు వేరే పాట ఎత్తుకుంది. పిల్ల ఇంకో గంట ఆడింది. నేను బెంచీ మీద కూర్చుని ఎవరో ఇచ్చిన రొట్టె తిన్నాను.

మధ్యాహ్నం మూడింటి బస్సులో బయల్దేరాం. బిల్యానా కిటికీ పక్కన కూర్చుంది. బుగ్గలు ఎర్రగా, జడ ఊడిపోయి ఉంది. నిద్రపోతుందనుకున్నాను, నిద్రపోలేదు.

అమ్మకి ఆట అందిందా అని అడిగింది. అందింది అన్నాను. అక్కడ పట్టుకోడానికి చేతులు దొరికాయా అంది. దొరికుంటాయన్నాను.

"ఆటలో పడితే అమ్మకి ఏమీ గుర్తుండదు కదా. మనం కూడా గుర్తుండం."

కాదని చెబుదామనుకున్నాను. పొద్దున ఒక అబద్ధం ఆడాను, దానికదే చాలు. ఆటలో పడితే ఇస్క్రాకి పొయ్యి మీద పాలు కూడా గుర్తుండేవి కావు. ఎన్ని గిన్నెలు మాడ్చిందో. అవునే, గుర్తుండం అన్నాను.

బిల్యానా బయట పొలాల్ని చూస్తూ ఆలోచించింది. దాని చెయ్యి నా ఒళ్ళోనే ఉంది.

"పోనీలే అమ్మమ్మా" అంది. "ఆడుకోనీ."